108 బండి వచ్చింది సరే, వైద్యం ఎప్పుడు మొదలైంది?

2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 1,088 వాహనాలు బారులు తీరాయి. 108, 104 సర్వీసుల కోసం సిద్ధం చేసిన ఆ బండ్లను అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్మోహన్ రెడ్డి జెండా ఊపి జిల్లాలకు పంపారు. వాటిలో 412 కొత్త 108 అంబులెన్సులు, అందులోనూ 26 పురిటి బిడ్డల కోసం ప్రత్యేకంగా తయారు చేసినవి. 2022 ఏప్రిల్ 1న అదే కూడలి నుంచి 500 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనాలు కదిలాయి. ప్రభుత్వాలు మారినా రాష్ట్రంలో అత్యవసర వైద్యం గురించి మొదటి పేజీకి ఎక్కే వార్త దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: ఎన్ని బండ్లు వచ్చాయి, ఎవరు జెండా ఊపారు.

బండ్లు అక్కర్లేదని ఎవరూ అనరు. పాతబడి, బ్రేకులు పట్టక, ఏసీ పనిచేయక దారిలో ఆగిపోయే అంబులెన్సులో రోగి బంధువులు పడే నరకం తెలిసినవాళ్లు కొత్త బండిని చూసి సంతోషిస్తారు. కానీ లెక్క ప్రకారం చూస్తే సంఖ్య ఇక్కడ మరీ తక్కువేం కాదు. జాతీయ ఆరోగ్య మిషన్ పెట్టుకున్న కొలత లక్ష జనాభాకు ఒక బేసిక్ అంబులెన్సు (బీఎల్ఎస్), 5 లక్షలకు ప్రాణరక్షణ పరికరాలు ఎక్కువగా ఉండే ఒక అడ్వాన్స్‌డ్ అంబులెన్సు (ఏఎల్ఎస్). రాష్ట్ర జనాభా 5 కోట్ల చుట్టుపక్కల. అంటే 500 బీఎల్ఎస్, 100 ఏఎల్ఎస్ ఉంటే కాగితం మీద కొలత సరిపోతుంది. మండలానికో 108 అన్న లక్ష్యంతో కొన్నాక ఆ గీత దాటేశాం. అయినా ఫోన్ చేసిన ఇంట్లో మనిషి దక్కుతాడా లేదా అన్నది ఈ సంఖ్య చెప్పదు. దాన్ని తేల్చేది ఫోన్ చేసిన నిమిషానికీ, సరైన వైద్యం మొదలైన నిమిషానికీ మధ్య గడిచిన కాలం. మన వార్తల్లో అరుదుగా కనిపించే అంకె అదే.

ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా 108 మొదలైనప్పుడు అది దేశానికే కొత్త. ఫోన్ ఎత్తడానికి మనిషి, బండిలో శిక్షణ ఉన్న ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), సలహా చెప్పడానికి కాల్ సెంటర్‌లో డాక్టరు, అన్నీ ఒకే గొలుసులో ఉండటం అంతకుముందు ఇక్కడ చూడని సంగతి. తర్వాత ఎన్నో రాష్ట్రాలు ఇదే నంబరును, ఇదే పద్ధతిని తీసుకున్నాయి. అప్పటి నుంచి సర్వీసును కొలిచే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. 2020లో ప్రకటించిన లక్ష్యం చూడండి: పట్టణాల్లో 15 నిమిషాలు, గ్రామాల్లో 20, ఏజెన్సీలో 30. ఈ గడియారం బండి చెప్పిన చోటికి చేరగానే ఆగిపోతుంది. రోగి గడియారం అక్కడ ఆగదు.

విజయవాడలో దీన్ని అర్థం చేసుకోవడం సులువు. ఇంద్రకీలాద్రి వాలులు, విద్యాధరపురం, చిట్టినగర్, గుణదల, మొగల్రాజపురం కొండప్రాంతాల్లో వేల కుటుంబాలు మెట్ల దారుల మీద బతుకుతున్నాయి. కింద రోడ్డు దాకా 108 ఎనిమిది నిమిషాల్లో వచ్చిందనుకుందాం. లక్ష్యం నెరవేరినట్టే, రిపోర్టులో పచ్చరంగు. ఆ తర్వాత ఈఎంటీ కిట్టు, ఆక్సిజన్ పట్టుకుని మెట్లెక్కాలి. బండిలో ఉండేది ఇద్దరే, పైలట్ (డ్రైవరు), ఈఎంటీ. పై నుంచి బరువైన మనిషిని ఆ ఇరుకు మెట్ల మీద ఇద్దరే దించలేరు. పక్కింటి కుర్రాళ్లు ఓ చెయ్యి వేస్తారు, స్ట్రెచర్ మలుపు తిరగదు, చివరికి ప్లాస్టిక్ కుర్చీలోనో దుప్పట్లోనో దించుతారు. గుండెనొప్పి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దించడంలో తప్పు లేదు. నిజానికి అతన్ని నడిపించకపోవడమే ముఖ్యం. వెన్నెముకకు దెబ్బ తగిలినవాణ్ని అలా దించితే కథ వేరు. ఈ గొడవ కొండలకే పరిమితం కాదు. బెంజ్ సర్కిల్ చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలో లిఫ్టులు చాలావాటిలో స్ట్రెచర్ పట్టదు. ఐదో అంతస్తు నుంచి కిందికి వచ్చే సమయం ఏ లక్ష్యంలోనూ లేదు.

గుంటూరు కష్టం మరో రకం. ఊరిని రైలు పట్టాలు రెండుగా కోస్తాయి. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు నుంచి ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) వైపు రావాలంటే పట్టాలు దాటాల్సిందే. పెద్ద వాన పడితే పట్టాల కింది దారి ‘మూడు వంతెనల’ కింద నీళ్లు నిలుస్తాయి. పాత శంకర్ విలాస్ వంతెన స్థానంలో కొత్తది కట్టే పని 2025లో మొదలయ్యాక మిగిలిన దారుల మీద ఒత్తిడి ఇంకా పెరిగింది. కాల్ సెంటర్ తెర మీద మ్యాపు దగ్గరి బండిని చూపిస్తుంది. ఆ దగ్గరి బండి పట్టాలకు అవతల ఉంటే దగ్గరితనానికి విలువ లేదు. ఏ గంటలో ఏ గేటు పడుతుందో, ఏ సందులో కూరగాయల బండ్లు ఉంటాయో తెలిసిన పైలట్ ఆ మ్యాపు కంటే నాలుగు నిమిషాలు ముందు చేరతాడు. ఆ అనుభవాన్ని జీతం స్లిప్పులో ఎవరూ లెక్కగట్టరు.

2024 ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద ఈ బలహీనతలన్నిటినీ ఒక్కసారిగా బయటపెట్టింది. మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. బుడమేరు వాగు గట్లు తెగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అంబులెన్సు ఎన్ని ఉన్నా నడుంలోతు నీళ్లలో ఒక్కటీ ముందుకు పోలేదు. మనుషులను పడవల్లో, ట్రాక్టర్లలో ఫ్లైఓవర్ దాకా తెచ్చారు, అక్కడి నుంచే బండి పని మొదలు. డ్రోన్లతో ఆహారం, మందులు జారవిడిచారు. నెలలు నిండిన గర్భిణులు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాల్సినవాళ్లు, ఇన్సులిన్ అయిపోయినవాళ్లు, వీళ్లకు వరద రెండో రోజుకే అత్యవసర పరిస్థితి. ఏ వార్డులో ఇలాంటివాళ్లు ఎవరున్నారో ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ముందే తెలుసు. ఆ జాబితా 108 కాల్ సెంటర్‌కు వానాకాలానికి ముందే చేరితే పడవ ఎవరి ఇంటికి ముందు పోవాలో తేలిపోతుంది. ఖర్చు లేని పని ఇది. ఇంత చిన్న పనికి ఇంకో వరద దాకా ఆగనక్కర్లేదు.

ఇక నిమిషాల సంగతి. అన్ని జబ్బులకూ ఒకే గడియారం పెట్టడం వల్ల ఎక్కువ నష్టపోయేది గుండె ఆగిపోయినవాళ్లు. గుండె కొట్టుకోవడం ఆగాక ఛాతీ నొక్కేవాళ్లు లేకపోతే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా పడిపోతుంది. పట్టణ లక్ష్యం 15 నిమిషాలు. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు: బండి అనుకున్న సమయానికే వచ్చినా, మధ్యలో ఎవరూ ఛాతీ మీద చేయి వేయకపోతే అది వచ్చేసరికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అందుకని ఈ ఒక్క సందర్భంలో బండి కంటే ఫోన్ ముఖ్యం. 108కి ఫోన్ చేసినవాళ్లతో లైన్ పెట్టేయకుండా, మనిషి పలుకుతున్నాడా, ఊపిరి మామూలుగా తీస్తున్నాడా అని రెండు ప్రశ్నలు అడిగి, లేదంటే వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టించి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కించడం, బండి వచ్చేదాకా పక్కనే ఉండి లెక్కపెట్టించడం: దీన్ని టెలిఫోన్ సీపీఆర్ అంటారు. అచ్చ తెలుగులో, కంగారులో ఉన్న మనిషికి అర్థమయ్యే నాలుగు వాక్యాల్లో ఈ సూచనలు ఇవ్వడం కొత్త బండి కొనడం కంటే చౌక, ఫలితం ఎక్కువ. కొత్త పథకాల ప్రకటనల్లో దీని ఊసు వినపడదు. జెండా ఊపడానికి ఇందులో ఏమీ లేదు మరి.

2018లో ఏజెన్సీ ప్రాంతాల్లో బైకుకు జోడించిన ఫీడర్ అంబులెన్సులు పెట్టారు. రోడ్డు లేని చోటి నుంచి రోగిని పెద్ద బండి దాకా తేవడం వాటి పని. అంబులెన్సుల కోసం దేశంలో ఉన్న ఏఐఎస్-125 ప్రమాణాల్లో కూడా రోగిని ఎక్కించుకోకుండా ముందుగా చేరి ప్రథమ చికిత్స మొదలుపెట్టే రకానికి చోటుంది. ఆ ఆలోచన అడవికే ఎందుకు ఆగిపోవాలి? వన్‌టౌన్ సందులకు, కొండప్రాంతం మెట్ల మొదటికి, దసరా రోజుల్లో కనకదుర్గ గుడి చుట్టూ కిక్కిరిసే రోడ్లకు ఒక బైకు, దాని మీద గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ, ఆక్సిజన్, ఒక ఈఎంటీ ఉంటే 15 నిమిషాల లక్ష్యంలో సగం అక్కడే కోసేయవచ్చు.

గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు. రక్తనాళం మూసుకుపోయి ఛాతీ నొప్పితో ఉన్న మనిషికి గంటలు ఉంటాయి, కానీ గంట గంటకూ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మేలు. ఈ విషయంలో రాష్ట్రంలో జరిగిన పని నిజంగా చెప్పుకోదగ్గది. 2023 సెప్టెంబరులో స్టెమీ (రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే గుండెపోటు) కార్యక్రమం మొదలైంది. చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఈసీజీ తీసి, పెద్దాసుపత్రిలో ఉన్న కార్డియాలజిస్టుకు పంపి, ఆయన సరేనంటే సుమారు 40 వేల రూపాయల విలువైన టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు. గుంటూరు జీజీహెచ్ ఇలాంటి పెద్ద కేంద్రాల్లో ఒకటి. ఇంతకుముందు పల్నాడు మారుమూల ఊరివాడు గుంటూరు చేరి, ఓపీ చీటీ రాయించుకుని, ఈసీజీ అయ్యాక గానీ పడని మందు ఇప్పుడు సొంత ఏరియా ఆసుపత్రిలో పడుతుంది. ఇక్కడ చూడండి, మారింది బండి వేగం కాదు, వైద్యం మొదలయ్యే చోటు. దీనికి 108 తోడైతే ఇంకా ముందుకు పోవచ్చు. ఏఎల్ఎస్ బండిలోనే ఈసీజీ తీసి పంపితే, ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి ముందే కబురు అందుతుంది, రోగి దిగేసరికి మందు సిద్ధంగా ఉంటుంది.

పక్షవాతానికీ అదే సూత్రం. మాట తడబడి, ఒక చెయ్యి వాలిపోయి, మూతి వంకర పోయిన మనిషికి గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి నాలుగున్నర గంటలే ఉన్నాయి, అదీ సీటీ స్కాన్ తీశాకే. సీటీ లేని ఆసుపత్రికి బండి ఎంత త్వరగా చేర్చినా ఆ త్వర వృథా. పురుగుమందు తాగిన రైతుకు, దివిసీమలో వానాకాలం పాము కాటేసిన కూలీకి లెక్క మళ్లీ వేరే. ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగినవాడికి నోట్లోంచి కారే నురగ తీసి ఊపిరి ఆడేలా చూడటం, విరుగుడు మందు అట్రోపిన్ మొదలుపెట్టడం దారిలోనే జరగాలి. పాము విషానికి విరుగుడైన యాంటీ వీనమ్ బండిలో ఉండదు, ఆసుపత్రిలోనే ఇవ్వాలి. అయితే అది పెద్దాసుపత్రే కానక్కర్లేదు, మందు నిల్వ ఉన్న దగ్గరి పీహెచ్‌సీ అయినా చాలు. కట్లపాము కరిచినవాడికి కంటి రెప్పలు వాలుతున్నాయంటే ఊపిరి కండరాలు కూడా పడిపోవచ్చని అర్థం. అప్పుడు దారిలో శ్వాస అందించగలిగే మనిషి కావాలి. ఒకే 108, ఒకే నంబరు, కానీ ఎటు తీసుకెళ్లాలన్న నిర్ణయం ప్రతి కేసుకూ మారుతుంది. దగ్గరి ఆసుపత్రా, సరైన ఆసుపత్రా అన్న ఈ తేడా మీదే ప్రాణం ఆధారపడే రోజులు చాలా ఉంటాయి.

ఆసుపత్రి గుమ్మం దగ్గర పోయే సమయం గురించి అంబులెన్సు సిబ్బంది తమలో తాము ఎంత మాట్లాడుకుంటారో, బయటివాళ్లకు అంత తక్కువ తెలుసు. క్యాజువాలిటీలో మంచం ఖాళీ లేకపోతే రోగి బండి స్ట్రెచర్ మీదే ఉంటాడు. స్ట్రెచర్ లోపల ఉన్నంతసేపు బండి బయట ఉంటుంది. ఆక్సిజన్ కూడా బండిదే పెట్టారంటే సిలిండర్ వదిలి కదలలేరు. హ్యాండోవర్ కాగితం మీద సంతకం పడేదాకా ఆ మండలానికి 108 లేనట్టే. కాల్ సెంటర్ తెర మీద మాత్రం ఆ బండి ‘కేసులో ఉంది’ అని కనిపిస్తుంది, ఎవరికీ తప్పు కనిపించదు. క్యాజువాలిటీ ముందు నాలుగు స్పేర్ స్ట్రెచర్లు, ఆసుపత్రి సొంత ఆక్సిజన్ పాయింట్లు ఉంటే తీరిపోయే కొరతను చాలాసార్లు కొత్త బండి కొని పూడ్చాలని చూస్తున్నాం.

దీనికి తోడు రెఫరల్ ట్రిప్పులు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తరలింపును సిబ్బంది ఐఎఫ్‌టీ అంటారు. తెనాలి నుంచి గుంటూరు అంటే పోయి రావడం పెద్ద సంగతి కాదు. మాచర్ల నుంచి గుంటూరు వందకు పైగా కిలోమీటర్లు. ఒక్క ఐఎఫ్‌టీ పడితే మాచర్ల బండి సగం షిఫ్టు బయటే. ఆ మధ్యలో ఊళ్లో ప్రమాదం జరిగితే పక్క మండలం బండి రావాలి, 20 నిమిషాల లక్ష్యం 50 అవుతుంది. తరలింపులకు వేరే బండ్లు కేటాయించాలన్నది ఈ రంగంలో పాత మాట, పదే పదే చెప్పాల్సి వస్తున్న మాట కూడా.

జిల్లా ఎడిషన్లలో తరచూ కనిపించే ఒక వార్తను ఈ వెలుగులో మళ్లీ చదవాలి: ‘108లో ప్రసవం, తల్లీబిడ్డ క్షేమం’. చదవగానే ముచ్చటేస్తుంది, కదిలే బండిలో కాన్పు చేసిన ఈఎంటీ నైపుణ్యం మెచ్చుకోదగ్గదే. అయితే అదే వార్త ఇంకో సంగతి కూడా చెబుతుంది. కాన్పు తేదీ దగ్గరపడ్డ మనిషి ఆసుపత్రికి ఆలస్యంగా బయల్దేరిందనో, ఒక చోట చేర్చుకోక ఇంకో చోటికి పంపారనో, దారి పొడవైందనో దానికి అర్థం. ఒకే ఆసుపత్రి రెఫరల్ దారిలో ఇలాంటి వార్తలు మళ్లీ మళ్లీ వస్తుంటే అభినందన సభతో పాటు విచారణ కూడా అవసరం.

రోడ్డు ప్రమాదాల విషయంలో చట్టం కొంత మేలు చేసింది. దెబ్బ తగిలినవాణ్ని ఆసుపత్రికి తెచ్చినవాళ్లను వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ ఆ రక్షణను చట్టంలోకి తెచ్చింది. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 194ఈ కింద 10 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బందరు రోడ్డు మీద సాయంత్రం పూట సైరన్ వినపడినా కదలని కార్లను చూసినవాళ్లకు ఈ సెక్షన్ వాడుకలో లేదని వేరే చెప్పక్కర్లేదు. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత పథకం కింద ప్రమాద బాధితుడికి 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల దాకా చికిత్స అందాలి. జాతీయ రహదారి 16, 65 రెండూ కలిసే విజయవాడకు ఇది చిన్న విషయం కాదు. డబ్బు ఎవరు కడతారన్న వాదనలో గోల్డెన్ అవర్ (ప్రమాదం తర్వాతి మొదటి గంట) కరిగిపోకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది, గుమ్మం దగ్గరి క్లర్కుకు పథకం సంగతి తెలిస్తే.

చివరికి ఈ గడియారం అంతా నడిచేది బండిలోని ఇద్దరి మీద. రాష్ట్రంలో 108 నిర్వహణ మొదటి నుంచీ ప్రైవేటు సంస్థల చేతుల్లోనే ఉంది. విభజన తర్వాత 2017 డిసెంబరులో సంస్థ మారింది, 2020 జులైలో ఇంకోసారి, 2025లో మరోసారి. ప్రతి మార్పుకీ బండి మీద పేరు, యూనిఫాం మారతాయి. మనుషులు చాలావరకు వాళ్లే. పాత బకాయిలు ఎవరివి, పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా అన్న ప్రశ్నలు మాత్రం ప్రతిసారీ కొత్తగా మొదలవుతాయి. 12 గంటల షిఫ్టు, నెలాఖరుకు జీతం పడుతుందో లేదో తెలియని స్థితి, సెలవు పెడితే బదులు మనిషి లేకపోవడం: 108 ఉద్యోగుల సంఘాలు ఏళ్లుగా వీటి మీదే వినతిపత్రాలు ఇస్తున్నాయి. వీటిని కార్మిక సమస్యలుగా వేరే పేజీలో వేయడం పత్రికల అలవాటు. రాత్రి రెండింటికి పదకొండో గంట డ్యూటీలో ఉన్న పైలట్ హైవే మీద ఎంత వేగంగా, ఎంత జాగ్రత్తగా నడపగలడన్నది రోగి సమస్య కూడా.

ఈఎంటీల చదువుకు గుర్తింపు ఇంకో ముడి. సైన్స్ డిగ్రీ, నర్సింగ్, ఫార్మసీ చదివినవాళ్లు సంస్థ ఇచ్చే శిక్షణతో ఈఎంటీ అవుతారు. ఆ శిక్షణకు బయట విలువ ఎంతన్నది ఇన్నాళ్లూ ఎవరూ తేల్చలేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన జాబితాలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును, అంటే పారామెడిక్‌ను చేర్చింది. రిజిస్ట్రేషన్, కనీస అర్హత, ఏ పని చేయవచ్చు, ఏది చేయకూడదు అన్న హద్దులు చట్టబద్ధంగా వచ్చే దారి అది. ఆ దారిలో ఇప్పటికే పదిహేనేళ్లు బండిలో పనిచేసినవాళ్ల అనుభవాన్ని ఎలా లెక్కిస్తారన్నది వాళ్ల బతుకుతో ముడిపడిన ప్రశ్న. డిగ్రీ ఉన్న కొత్తవాళ్లనే తీసుకుంటే అట్రోపిన్ మోతాదు పుస్తకంలో చదివినవాళ్లు వస్తారు. కొండ మెట్ల మీద స్ట్రెచర్ తిప్పడం తెలిసినవాళ్లు, మూడు వంతెనల దగ్గర నీళ్లు ఎప్పుడు నిలుస్తాయో తెలిసినవాళ్లు ఇంటికి పోతారు. అనుభవం ఉన్నవాళ్లకు పరీక్ష పెట్టి, గెలిచినవాళ్లను రిజిస్టర్ చేసే వెసులుబాటును నియమాల్లోనే రాయించుకోవాలి. సంఘాలు జీతం డిమాండుతో పాటు దీన్నీ అదే వినతిపత్రంలో మొదటి పేజీలో పెట్టాలి.